నడుము పట్టే తవిటయ్య

ఇది అబద్ధం అనేవాడు ఎవడైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి, మొహం చూస్తాను. లేవరేం? అయితే నోరు మూసుకుని వినండి. జీడితోటల అవతల, చింతమాను కింద పాడుబడిన రాతిబావి ఒకటుంది కదా, మీ అమ్మలు మిమ్మల్ని అటు పోనివ్వరు, మీ నాన్నలు పోరు, గొర్రెలు కూడా చుట్టు తిరిగి పోతాయి, ఆ బావిలోకి దిగి, దెయ్యం చేత నడుము తడిమించుకుని, మళ్లీ పైకొచ్చి అన్నం తిన్నవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. ఇంకొకడున్నాడు గానీ వాడు వచ్చినట్టు కాదు, నేను లాక్కొచ్చాను.

ముందు ఆ దెయ్యం సంగతి. దెయ్యం అనగానే మీరేదో గొప్పగా ఊహించుకోకండి. బతికుండగా వాడు తవిటయ్య, జీడితోట కావలివాడు. కావలి అంటే ఏముంది, కోతుల్ని తోలడం. దానికి వాడికి మూరెడు మచ్చుకత్తి, ఆ కత్తికి తోలు ఒర, ఆ ఒర తగిలించుకోడానికి నడుముకి జానెడు వెడల్పు బెల్టు, ఇత్తడి బకిలు. ఆ బకిలుని రోజూ చింతపండు పెట్టి తోముకునేవాడు, పళ్లు మాత్రం తోమేవాడు కాదు. నడుస్తుంటే ఒర మోకాలికి కొట్టుకుని టపటపమనేది, కోతులు ఆ చప్పుడు విని, వాడొచ్చేలోగా తీరుబడిగా తినేసి పోయేవి. గొంతుక్కూర్చుంటే ఒర కొస నేలకి పొడుచుకుని కత్తి పిడి డొక్కలో గుద్దేది, అందుకని చుట్ట కూడా నిలబడే కాల్చేవాడు, చూసినవాళ్లు అదేదో దర్జా అనుకునేవాళ్లు.

మరి ఎలా చచ్చాడంటారా? దాహమేసి బావి మెట్లు దిగి వంగాడు, కాలు జారింది, ఒర రెండు రాళ్ల సందులో దిగబడింది, తల నీళ్లలోకి, కాళ్లు పైకి. కత్తి దూద్దామంటే అది ఒరతో పాటు రాళ్ల మధ్య బిగుసుకుపోయింది, బకిలు విప్పుదామంటే ఒంటి బరువంతా దాని మీదే ఉంది. అంత కత్తి పక్కనుండగా తన బెల్టు తను కోసుకోలేక చచ్చాడు. చచ్చాకైనా బుద్ధొచ్చిందా? బావిలోకి ఎవడు దిగినా వెనకనుంచి చెయ్యి చాపి నడుము తడమడం, బెల్టుంటే పట్టుకుని కిందికి లాగడం. ఇదొక దెయ్యమా? మా మేనత్తకి పట్టింది చూడండి, అదీ దెయ్యమంటే, కోడి అడిగేది, సారా అడిగేది, ఒక మర్యాద ఉండేది.

ఇక నా సంగతి. నేను ఏనాడూ కత్తిని నడుముకి కట్టలేదు. గోగునార పేని, నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ అల్లి, దానికి ఒర కట్టి, కుడి భుజం మీంచి ఎడమ చంక కిందికి అడ్డంగా వేసుకునేవాణ్ణి. నడుస్తుంటే కత్తి వీపుకి అంటుకుని చంటిపిల్లలా పడుకునేది, ఏరు దాటేటప్పుడు పైకి జరుపుకునేవాణ్ణి, వంగి ముళ్లు కొడితే చంకలోకి ఒదిగేది. ఊరంతా నవ్వింది. జంధ్యం వేసి కత్తికి ఒడుగు చేశావేంటిరా, దాని చెవిలో మంత్రం కూడా చెప్పావా అని అడిగేవాళ్లు. నవ్వుకోండి అన్నాను. ఆ కత్తితో ఒక్క వేటు వేస్తే మూడు జీడికొమ్మలు తెగేవి, నాలుగోది భయపడి తనే రాలేది.

అందరికంటే ఎక్కువ నవ్వినవాడు మా చెల్లెలు నరసమ్మ మొగుడు, దాలినాయుడు. వాడూ సంతలో ఒక బెల్టు కొన్నాడు, అచ్చం తవిటయ్య బెల్టుకి తోడబుట్టినట్టే ఉంది. నరసమ్మ అప్పుడు పురిటికి మా ఇంటికొచ్చి, నెలలు నిండి, రేపో మాపో అన్నట్టుంది. పెళ్లాన్ని చూడ్డానికి వచ్చినవాడు ఊరికే కూర్చోలేక ముళ్లకంప కొట్టడానికి నాతో తోటకి బయల్దేరాడు. మిట్టమధ్యాహ్నానికి కుండలో నీళ్లయిపోయాయి. బావిలో బోలెడున్నాయి కదా బావా అన్నాడు. మనసులో ఏమనుకున్నా చెల్లెలి మొగుడు కదా, మర్యాదగానే, వద్దు బావా, తవిటయ్యకి బెల్టంటే మక్కువ అన్నాను. దెయ్యాలు గోచీలోళ్లకి గానీ బెల్టున్నోడికేంటి అని, బకిలు మీద ఇలా తట్టి మరీ దిగాడు.

ఆ తర్వాత కేక. వెళ్లి చూస్తే మెడ దాకా నీళ్లలో ఉన్నాడు, రెండు చేతులా మెట్టు రాయి పట్టుకుని, నడుము పట్టి ఎవరో గుంజుతున్నట్టు కిందికి కిందికి జారిపోతున్నాడు. తోటలో జీడిపళ్లు ఏరుకుంటున్న కూర్మమ్మ పరుగెత్తుకొచ్చి, తన కట్టెలమోపు తాడు చింతమానుకి ఒక చుట్టు చుట్టి, కొస బావిలోకి వేసి, నిలబడి చూస్తావేంట్రా, నరసమ్మకి ఏం చెబుతావు అంది. ఆ మాట విన్నాక ఇంక మెట్లేంటి? దూకాను. మూడు నిలువుల లోతు, గాల్లో ఉండగానే కత్తి దూశాను.

బెల్టు విప్పు బావా అన్నాను, రావట్లేదు అన్నాడు. అయితే కోస్తానుండు అన్నాను. నీళ్లు గడ్డానికి తగులుతున్నాయి, ఇంట్లో పెళ్లాం నెలలు నిండి కూర్చుంది, అప్పుడు వాడేమన్నాడో తెలుసా? కొయ్యకు బావా, కొత్తది అన్నాడు!

ఇంతలో నా నడుము మీద చెయ్యి పడింది. చల్లగా, వానపాముల మూటలా. కుడిపక్క తడిమింది, ఎడమపక్క తడిమింది, గోచీ తగిలేసరికి ఛీ అన్నట్టు వదిలేసి మళ్లీ మొదలుపెట్టింది. నీళ్లలోంచి గొణుగుడు వినిపించింది, కత్తి చూస్తే ఇంతుంది, బెల్టేదిరా నీకు అని. నీలా చావాలనుకున్న రోజు కొనుక్కుంటాలే అన్నాను. దానికి కోపమొచ్చింది. చెయ్యి వీపు మీదుగా పైకి పాకి, పట్టీ దొరకబుచ్చుకుని, ఒక్క గుంజు గుంజింది, నేను నిలువునా మునిగాను. కంగారుపడ్డానా? తల వంచి, భుజం ఇలా జార్చాను, అంతే, బకిలా ముడా ఏముంది దానికి, పట్టీ ఊడి తవిటయ్య చేతిలో ఉండిపోయింది. వాడు ఆ ఖాళీ ఒరని తిప్పి తిప్పి చూసుకుంటుండగా, నేను నీళ్లలోనే దాలినాయుడి బెల్టు కింద కత్తి దూర్చి పరపరా కోసేసి, వాడి చంకల కింద తాడు కట్టి, లాగు కూర్మమ్మా అని అరిచాను. పైకొచ్చాక చూస్తే బెల్టుతో పాటు వాడి నిక్కరు కూడా తవిటయ్యకే దక్కింది. నా తలపాగా చుట్టుకుని ఇంటికొచ్చాడు.

పొద్దుగూకేసరికి నరసమ్మకి ఆడపిల్ల పుట్టింది. ఎత్తుకోడానికి తండ్రి ఉన్నాడు, ఎవరివల్ల ఉన్నాడో ఊరికి తెలుసు. వాడు మాత్రం పిల్లని ఒళ్లో పెట్టుకుని నా వంక చూసి, మంచి తోలు బావా అది అన్నాడు. ఇలాంటివాళ్ల కోసం బావిలో దూకాను నేను.

కాబట్టి అటు పోకండి. ఒకప్పుడైతే బెల్టు లేనివాడికి భయం లేదు, తవిటయ్యకి నడుము తప్ప ఇంకోటి తెలిసేది కాదు. ఇప్పుడు నా పట్టీ వాడి దగ్గరుంది, భుజం కూడా వెతకాలని నేర్చుకున్నాడు. తువ్వాలు వేసుకున్నవాడు, బడిసంచీ తగిలించుకున్నవాడు, ఎవడైనా వాడికి ఒకటే. భుజం జార్చి తప్పుకుంటాం అంటారేమో, ఇందాకటి నుంచి చూస్తున్నాను, మీకు చొక్కా విప్పడానికే అమ్మ కావాలి.

నమ్మకం లేనివాడు నా మొహం చూడక్కర్లేదు. చెరువు వీధి చివర పెంకుటింటికి వెళ్లి అడగండి, ఆ తాడు లాగిన ఆవిడ ఇంకా ఉంది. పేరు తామాడ కూర్మమ్మ.