రెండిట్ల మీద ఒకటే స్టిక్కర్

హలో… ఆ, నేనే. ధనుంజయ్‌నే. నంబర్ మార్చలే రాణీ, ఎందుకు మారుస్త…

లే, పనేం లేదు. కోదాడల్నే ఉన్న, స్టూడియోల. చెప్పు. మూడు నెల్లకు ఫోన్ జేసినవ్, ఊరికెనే అయితే చెయ్యవు గదా.

…దామరచర్ల పెండ్లి వీడియోనా? మిర్యాలగూడ పోయినంక నీకొచ్చిన మొదటి ఆర్డర్ అదేనా… మంచిగైంది. నిజంగనే అంటున్న. … రేపు పొద్దుగాలనే ఇయ్యాలెనా. మరి ఏమైంది…

వీడియో మొత్తం తయారుగానీకె ఎన్ని గంటలు చూపెడుతుంది? … తొమ్మిదా. సగం గాంగనే బందైతుందా… రెండుసార్లు. కింద చెయ్యి పెడితే కాలుతుందా… ఆ. ల్యాప్‌టాప్ పాడుగాలే. దాని తాకత్ గంతే.

కాదు, పాతదేం అంటగట్టలే. నీ ల్యాప్‌టాప్, ఈడున్న డెస్క్‌టాప్, రెండు ఒక్క ఏడే కొన్నం. … ఆ, రెండిట్ల మీద ఒకటే స్టిక్కర్, ఐ-సెవెన్ ప్రాసెసర్ అని. విడిపోతమని పెద్దమనుషుల ముందట కూసున్ననాడు వాళ్లు గదే జూసిన్రు గదా. మీ కాటయ్య మామ కండ్లద్దాలు పెట్టుకొని రెండు స్టిక్కర్లు చదివి, రెండు సమానమే, చెరొకటి తీస్కోండ్రి అన్నడు. మోసుకపోనీకె తేలిగ్గ ఉంటదని నీకు ల్యాప్‌టాప్ ఇచ్చిన్రు, నాకు డెస్క్‌టాప్ ఉంచిన్రు. పేరు ఒకటే గానీ రాణీ, పని ఒకటి గాదు.

ఎట్లనా… ఇను. నీదాంట్ల ఉన్న ప్రాసెసర్ పదిహేను వాట్ల కరెంటుతోని నెట్టుకరావాలె. బ్యాటరీ మీద గూడ నడవాలె గదా, అందుకే అట్ల జేస్తరు. ఈడ డెస్క్‌టాప్‌ల ఉన్నది అరవై అయిదు తింటది. దాని మీద అరచెయ్యంత ఫ్యాను, పెద్ద డబ్బా, గాలాడుతది. నీది పల్చటిది, వేడి పోయే జాగ లేదు. మొదట్ల అయిదు నిమిషాలు రెండు ఒక్క తీరుగనే ఉరుకుతయ్. వేడెక్కినంక అది తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటది. టైపు కొట్టనీకె, పాటలు సూడనీకె బంగారమసుంటిది. నాలుగు గంటల పెండ్లి వీడియో అంటే దానితోని గాదు.

…దీంట్లనా? గంటన్నర.

ఏడుస్తున్నవా… ఏడ్వకు. హార్డ్‌డిస్క్ పట్టుకొని రా. మధ్యాన్నం రెండింటి బస్సెక్కితే సాయంత్రానికి ఈడుంటవ్. నీ కుర్చీ అట్లనే ఉంది. నేను బయట కూసుంట, లోపలికి రాను, మాట్లాడ గూడ మాట్లాడ. పని గాంగనే బస్టాండ్ల దింపుత. … వస్తవా… నిజంగనా. సరే. సరే సరే. ఆగు, ముందుగాల దాని మీద బట్ట తీసి దుమ్ము దులపాలె…

ఎందుకంటే… ఆన్ చెయ్యలే. నువ్వు పోయిన కాంచి ఒక్కనాడు గూడ. నాకు ఎడిటింగ్ వస్తదా ఏమన్న, కెమెరా పట్టుడే వచ్చు. ఆరు పెండ్లిండ్లు కార్డులల్లనే పడున్నయ్, ఆర్డర్ ఇచ్చిన పార్టీలు రోజు తిడుతున్నరు. … మరెందుకు ఉంచుకున్నవంటే… పెద్దమనుషులే గదా ఇచ్చింది…

…

రెండు ఒకటి గావని ఆ రోజే తెలుసా అంటవా… లే. నాకు… ఆ రోజు…

తెలుసు.

తెలుసు రాణీ. మామ స్టిక్కర్ చదువుతుంటే నోట్ల మాట నోట్లనే పెట్టుకున్న. రెండు ఒకటి గావు మామా, పని జేసేది ఆమె, పెద్దది ఆమెకియ్యిండ్రి అంటే అయిపోయేది. అన్లే. … ఆశతోని గాదు. దాన్ని నేనేం జేసుకుంట. ల్యాప్‌టాప్‌తోని నడవది, ఒక్క పెండ్లికే ఆగిపోతది, అప్పుడన్న నా కాడికి వస్తవ్ లే అనుకున్న. నీ పని ఆగాల్నని కోరుకున్న. గంత దరిద్రపు ఆలోచన నాది.

…రావా.

పోనీ నేనే తెస్త. డబ్బా మొత్తం బస్సుల ఏసుకొని… వద్దా. మీ ఇంటి ముందటికి గూడ రావొద్దా. సరే.

అయితే ఇది రాస్కో. నా మీది కోపంతోని ఆర్డర్ పోగొట్టుకోకు. వీడియో మొత్తం ఒక్కపారే తయారుజెయ్యనీకె పెట్టకు. ఇరవై ఇరవై నిమిషాల ముక్కలు జెయ్. ముక్కకు ముక్కకు నడుమ పది నిమిషాలు సల్లారనియ్. కరెంటు ప్లగ్గు తియ్యకు. పరుపు మీద పెట్టకు, కింద రెండు గిన్నెలు బోర్లిచ్చి పైకి లేపు, ముందట కూలర్ పెట్టు. నిదానంగ అయితది గానీ అయితది. … ఆ, తర్వాత అన్ని కలుపుడే, అది నీకు నేను చెప్పాల్నా.

…అవును. పని నీది, బోర్డు మీద పేరు నాది. బాగుంటే నేను జేసిన అన్న, తప్పొస్తే మా ఇంటామె జేసింది అన్న, పార్టీల ముందట. దానికే పోయినవ్. తెలుసు.

…సోమవారం, సూర్యాపేట కోర్టు. పదింటికి. వస్త. విడాకుల కాయితాల మీద సంతకం పెడత.

ఏమన్నవ్… మళ్ల అను. … పోయేనాడు గడపల నిలబడ్డవా… ఎంతసేపు… నేను ఉండు అంటే… ఒక్క మాట అంటే ఆగిపోయేదానివా?

నేను లోపలికి పోయి ల్యాప్‌టాప్ చార్జర్ ఎతికి తెచ్చిన గదా రాణీ… మర్చిపోతవ్, తీస్కపో అని నీ చేతిల పెట్టిన…

ఇప్పుడంటున్న. ఉండు… నువ్వు… హలో… రాణీ…