తాళాలు వదిలేశాం

ఇంకెన్నిసార్లు అడుగుతావురా అదే మాట? ఒప్పందం మీద సంతకాలు రేపు. బయటి దేశం నుంచి వచ్చే తాళాల మీద పన్ను తీసేస్తున్నాం, అంతే. అక్క వాణిజ్య శాఖలో కూర్చునుంది, ఒక్క ముక్క చెబితే ఆగిపోతుందనుకున్నావు. పైగా సంచీలో తాళమొకటి పట్టుకొచ్చావు, నేనెప్పుడూ చూడనట్టు.

ముందు దాన్ని టేబుల్ మీంచి తియ్యి. నూనె మరకలు పడుతున్నాయి.

తమ్ముడివి కాబట్టి చెబుతున్నాను. దీంట్లో తాళంచెవి పెట్టి, కాస్త పైకెత్తి తిప్పితే గానీ తెరుచుకోదు. నాన్న హయాం నుంచీ ఇంతే. కార్ఖానాలో కొత్త మిషన్లు పెట్టరా అని ఎన్నాళ్ళు మొత్తుకున్నాను? పన్ను ఉన్నన్నాళ్ళూ కాలు మీద కాలేసుకుని కూర్చున్నావు. ఇప్పుడు వాళ్ళ తాళం సగం ధరకి వస్తుందనేసరికి నీకు దేశం గుర్తొచ్చింది.

నలభై కుటుంబాలు రోడ్డున పడతాయంటావు. కాదన్నానా? కానీ తాళం కొనేవాళ్ళు ఊరూరా ఉన్నారు. చవగ్గా దొరికితే కొనుక్కుని ఇంటికి పోతారు, నా గదికొచ్చి మొరపెట్టుకోరు. వచ్చేది నీలాంటి వాళ్ళే. వచ్చినవాడి గోడు విని జాలిపడుతూ కూర్చుంటే ఈ దేశంలో దేని మీదా పన్ను తగ్గదు.

ఆ చూపేమిటి? కడుపు కొట్టానంటావా? అనుకో.

చర్చలకి వెళ్ళింది నేనే, దాపరికమేముంది. మన బట్టలు వాళ్ళ దేశానికి పన్ను లేకుండా పోవాలి. కుట్టుపని మీద లక్షలమంది బతుకుతున్నారు. దానికి బదులు మనం ఒకటి వదులుకోవాలి. కుళాయిలా, తాళాలా, మీ ఇష్టమన్నారు. కుళాయిలు వదిలితే నష్టం తక్కువని మా లెక్కలవాళ్ళు చెబుతూనే ఉన్నారు.

మరి కుళాయిలెందుకు వదల్లేదంటావా? వదిలితే ఆఫీసులో ఏమంటారు? తమ్ముడి కోసం తాళాలు దాచుకుందనరూ? ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను వేలెత్తి చూపినవాడు లేడు. ఆ పేరు నీకోసం పోగొట్టుకోమంటావా? అందుకే తాళాలన్నాను. మంత్రిగారు నలుగురి ముందూ మెచ్చుకున్నారు, ఈవిడ సొంతవాళ్ళని కూడా చూడలేదని.

కళ్ళు తుడుచుకో. గుమాస్తా వస్తాడు.

సరేగానీ, ఇంకో సంగతి. ఆ దేశపు తాళాల కంపెనీవాళ్ళకి ఇక్కడ తమ తాళాలు అమ్మిపెట్టే మనిషి కావాలట. ఈ చుట్టుపక్కల దుకాణాలన్నీ నీకు తెలిసినవే. నేను సిఫార్సు చెయ్యను, నువ్వే వెళ్ళి కలువు. ఒక్కటే షరతు. వాళ్ళ సరుకు తప్ప ఇంకేదీ అమ్మకూడదు. అంటే కార్ఖానా మూసెయ్యాలి. నీ పనివాళ్ళని నీ నోటితో నువ్వే పొమ్మనాలి.

ఏంటీ, తల ఊపుతున్నావా? ఇంత తొందరగానా? వాళ్ళలో ఒక్కడినైనా అడిగి చెబుతానంటావనుకున్నానురా.

దేశానికి ఏది మంచిదో మీరెలా తేలుస్తారని అరిచావు కదా ఇందాక? ఇదిగో, ఇలాగే. బల్లకి అటువైపు నుంచి వాళ్ళడిగారు. నలభై కుటుంబాలూ గుర్తున్నాయి నాకు, లక్షలమందీ గుర్తున్నారు. అయినా ముందు నా పేరే కనిపించింది. నేనూ ఇంతే తొందరగా ఊపాను.

నంబరు రాసుకో.