నల్ల గింజల గిన్నె

బొలీవియాలోని కొచబాంబా సంతలో కాసిల్డా నడిపే వేరుశెనగ చారు కొట్టు. ఆదివారం మధ్యాహ్నం. అక్క యూఫ్రోనియా ముందు చారు, పక్కన లొకోతో మిరపకాయల పచ్చడి గిన్నె.

"ఛీ! తూ! ఏంటే ఇది, కాసిల్డా?"

"పచ్చడి అక్కా. ఎప్పుడూ తినేదేగా."

"ఎప్పుడూ తినేదే! అప్పుడు కళ్ళు సరిగ్గా ఆనేవి కావు. ఇప్పుడు అద్దాలొచ్చాయి. ఈ గింజ చూడు."

"నల్లగానే ఉందిగా. లొకోతో గింజ నలుపే."

"నలుపే, కానీ పల్చగా ఉంటుంది. ఇది గుండ్రంగా, గరుకుగా ఉంది. బొప్పాయి గింజ! ఇదీ అదే, ఇదీ అదే. యాక్! నాలిక మీద పురుగు పాకినట్టుంది."

"నెమ్మదిగా. జనం తింటున్నారు."

"వాళ్ళ చేత ఏం తినిపిస్తున్నావనే నా బాధ! నలుపు కోసం బొప్పాయి గింజలేశావు సరే. మిరపకాయ ఏది?"

"మిరపకాయే వేశా."

"ఏ మిరపకాయ?"

"ఆ గిన్నె ఇటిచ్చెయ్ అక్కా. చారు చల్లారిపోతోంది."

"మాట మార్చకు. నీ వెనక కుండీలో మొక్కేంటి? పూలు తెల్లగా, మధ్యలో పచ్చ మచ్చలు. లొకోతో పువ్వు ఊదారంగు. దాని ఆకు మీద నూగుంటుంది, దీని ఆకు నున్నగా ఉంది. ఇదేదో వేరే మిరప. రుబ్బేశాక ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నావు కదూ?"

"ఊరుకో అక్కా."

"దీని తెల్ల గింజలు ఏరి పారేసి, బొప్పాయివి కలిపావు. మోసం చెయ్యడానికి ఎంత ఓపికే నీకు! ఛీ!"

"ఓపికే. ఒక్కోటీ ఏరాలి."

"ఒప్పుకుంటోంది చూడు, సిగ్గులేకుండా! పైన అమ్మ పేరు. దోన్యా మెల్చోరా పచ్చడట! దింపు ఆ బోర్డు. అమ్మ చేతి లొకోతో ముప్పై ఏళ్ళు తిన్న నాలిక ఇది."

"బోర్డు జోలికెళ్ళకు. అది లేకపోతే నాకీ కొట్టే లేదు."

"లేకపోతే పోయింది! ముందు వీళ్ళకి చెప్తా. ఫెర్మిన్ బాబాయ్, ఆ గిన్నె ఇలా ఇవ్వు, నువ్వు తినే చెత్తేంటో రుచి చూసి చెప్తా..."

"అక్కా, వద్దు! అది నోట్లో పెట్టకు!"

"ఏం? నీ బండారం బయటపడుతుందా?"

"అందులోవి అసలు లొకోతోలే!"

"ఏంటీ?"

"గింజ చూసుకో. పల్చగా, నల్లగా. అందరికీ అదే. బొప్పాయి గింజలు నీ ఒక్కదాని గిన్నెలోనే."

"నా ఒక్కదానికా? నేనేం పాపం చేశానే?"

"ఆరేళ్ళప్పుడు లొకోతో తిని నెత్తురు కక్కుకున్నావట. మళ్ళీ పెడితే బతకదన్నారు. నువ్వేమో నల్ల గింజలు కనపడకపోతే గిన్నె విసిరికొట్టేదానివి."

"మరి అమ్మ... ముప్పై ఏళ్ళూ..."

"ఒక్కసారీ పెట్టలేదు. నీకు పడే మిరపని ఆ కుండీలో వేసిందీ అమ్మే. నీకు మాత్రం చెప్పొద్దని ఒట్టేయించుకుని పోయింది. అప్పట్నుంచీ ఏరే పని నాది. ఆ అద్దాలు తీసేసి తినక్కా."