పోచయ్య బండకు పెండ్లిచూపులు

సొరంగం చూసొచ్చినవా రాకేషూ? కూసో. గా సొరంగం మీద గుట్టబండ ఉన్నది సూడు, గాడ మా పోచయ్య ఇల్లుండె. గిప్పుడు ఇల్లూ లేదు, మనిషీ లేడు. వాని యవ్వారం చెప్తే నువ్వు నమ్మవు. ఇంజినీర్లు వచ్చిన్రు గద. బండకు బొక్క కొట్టి, లోపలికి నీళ్లు ఒత్తి, ఎంతకు పగుల్తదో చూసుడు వాళ్ల పని. బండ మంచిగుంటే దాని కిందికెల్లి సొరంగం, పోచయ్య ఇల్లు ఖతం. మంచిగ లేకుంటే సొరంగం అవతలికెల్లి పోతది, ఇల్లు నిలుస్తది. గంతే ముచ్చట. బండ పాడుగుండాలెనని మేమంత కొమురవెల్లి మల్లన్నకు మొక్కినం. దేవుడు విన్నడు గూడ! రాజశేఖర్ అని పెద్ద ఇంజినీరు, రాయిముక్క చేతిల వట్టుకొని, "ఇది ఒకేలా లేదు పెద్దాయనా. ఇక్కడ గట్టిగా ఉంది, జానెడు పక్కన పొడిపొడి. దీన్ని నమ్మలేం" అన్నడు.

ఇగ సంబురపడాలెనా వద్దా? పోచయ్య మొఖం మాడిపోయింది. "ఏంది సారూ, మా తాతలనాటి బండకు వంకలు వెడతవా? నువ్వు చూసిన జాగనే తప్పు!" వాని పెండ్లాం యాదలక్ష్మి అంగి వట్టి గుంజుతనే ఉన్నది, "ఓ పెద్దమనిషీ, వద్దంటుండు గద, పోనియ్యరాదు!" అని. వింటడా? "వద్దని లేచిపోయిన్రంటే ఇజ్జతేముంటదే?" అన్నడు. పిల్లను చూడొచ్చినోళ్లా వాళ్లు, చెప్పు!

తెల్లారి బండను కడిగిండు, పసుపు రాసిండు, బొట్టు వెట్టిండు. పొడి రాలే దిక్కు వడ్లు ఆరవోసిండు, కనవడకుంట. ఇంజినీర్లకు సర్వపిండి. మా యాదలక్ష్మి సర్వపిండి చేస్తే, అబ్బ, గా ముచ్చట వేరే... ఆఁ, పోచయ్య వాళ్ల తాత రోలు చెక్కిన దిక్కు సూపెట్టి "ఈడ కొట్టు సారూ" అన్నడు. సారు కొట్టిండు, నీళ్లు ఒత్తిండు, ఒత్తిండు, బండ కదుల్తలేదు. మిషన్ ముల్లు పైకి పోతనే ఉన్నది. వీడు పక్కన నిలవడి, "ఆఁ, ఇంకా ఒత్తు, ఇంకా ఒత్తు!" ఆఖరికి సారు "బాగానే ఉంది" అన్నడు. పోచయ్య ఊరంత శక్కర పంచిండు. ఇల్లు పోతున్నదని శక్కర పంచినోన్ని నేను యాడ సూడలే.

కూలగొట్టిన్రు. సిద్దిపేటల కిరాయికి దిగిన్రు. సొరంగం అయినంక యాదలక్ష్మిని దాని లోపలికి తోల్కపోయిండు, నేను గూడ పోయిన. గోడ మీద చెయ్యితోని చరిచి, "సూడే, ఒక్క పగులు లేదు" అన్నడు. గామె తల పైకెత్తి చూసుకుంట, "మన పొయ్యి ఏ దిక్కుకుండె?" అన్నది. గంతే. పోచయ్య గోడ మీదికెల్లి చెయ్యి తీసి, తనూ తలెత్తి పొయ్యి దిక్కు ఎతుకవట్టిండు.

సరే గనీ, మీ బాపు బోరు ఏపిచ్చిండట గద. నీళ్లు వడ్డయా?