నేను తిరిగి పెట్టిన ఫ్యూజు

నా రిటైర్మెంటు సభకు పెద్దగా కూర్చున్న చీఫ్ ఇంజనీరు గారికీ, నాకు పని నేర్పి, ఇవాళ మోకాళ్ళ నొప్పులతోనే మెట్లెక్కి వచ్చిన మా పాత ఫోర్‌మన్ గారికీ, తోటి ఇన్‌స్పెక్టర్లకీ, నేను తలుపు కొడితే విసుక్కుంటూనైనా లోపలికి రానిచ్చిన ఇళ్ళవాళ్ళకీ నమస్కారం.

ఐదేళ్ళకోసారి ప్రతి ఇంటి వైరింగూ చూడాలన్నది మన కరెంటాఫీసు నిబంధన. ఫలానా రోజు వస్తామని ముందే చీటీ పంపితే, చుట్టాలొస్తున్నట్టు ఇల్లంతా సర్దేసి, తీరా చూడాల్సిన స్విచ్‌బోర్డుకే అడ్డంగా బీరువా జరిపి పెట్టేవాళ్ళు. "దాని వెనకేం లేదు బాబూ, బోర్డే" అనేవాళ్ళు. (నవ్వులు) నవ్వకండి, మా ఇంట్లో కాలింగ్ బెల్లు మోగక మూడేళ్ళయింది. అదుగో, మూడు కాదు నాలుగేళ్ళంటోంది మా ఆవిడ. (నవ్వులు)

ఇందాక మాట్లాడినవాళ్ళందరూ నాది మెత్తని మనసన్నారు. మా జూనియర్ అమ్మాయైతే, తప్పు దొరికిన ఇంట్లో అది బాగుచేసేదాకా నేను కదలకుండా కూర్చుంటాననీ, అందుకే ఆఫీసులో నన్ను ఇల్లరికపుటల్లుడంటారనీ కూడా చెప్పేసింది. ఎందుకలా కూర్చునేవాణ్ణో ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్తాను.

మూడో వరసలో దర్జీ అన్న, ఆయన పక్కన ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే ఆవిడ, కూర్చున్నారు. పదహారేళ్ళ కిందట వాళ్ళింటికి తనిఖీకి వెళ్ళాను. ముందుగదిలోనే కరెంటు మోటారుతో తిరిగే కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల. గోడకి రంగులేసినవాళ్ళెవరో ఎర్త్ వైరు తెంపేశారు, ఇస్త్రీ పెట్టె వైరు తొడుగు అరిగిపోయి పెట్టెకే కరెంటొస్తోంది. ఫ్యూజు పీకేశాను. వాళ్ళు రిపేరు చేయించాక, మేం మళ్ళీ పరీక్షించేదాకా దాన్ని తిరిగి పెట్టకూడదు. అన్న నా చేతులు పట్టుకుని, "సార్, సోమవారం బడి తెరుస్తారు, అరవై యూనిఫారాలివ్వాలి" అన్నారు. నాకు జాలేసింది. ఆ ఫ్యూజు నా చేత్తోనే మళ్ళీ పెట్టి, "మిషను కుట్టుకోండి, ఇస్త్రీ పెట్టె మాత్రం ముట్టుకోకండి, రేపొచ్చి చూస్తా" అన్నాను. కుట్టిన బట్ట ఇస్త్రీ చెయ్యకుండా ఏ దర్జీ ఇస్తాడండీ? ఆ మాత్రం నాకు తట్టలేదు. మర్నాడు వెళ్ళనూ లేదు. వేరే పేటలో పని పడి మర్చిపోయాను.

మూడో రోజు ఇస్త్రీ చేస్తుంటే అక్కకి షాక్ కొట్టింది. ప్రాణం దక్కింది గానీ, కాజాలు కుట్టే కుడిచేతి వేళ్ళు రెండు మళ్ళీ వంగలేదు. ఆసుపత్రికి వెళ్తే, "నువ్వు చెప్పావు కదా తమ్ముడూ, మేమే వినలేదు" అని ఆవిడే నన్ను ఓదార్చారు.

నేనేం చేశానో తెలుసా? విచారణ నివేదికలో ఆ మాటే రాశాను. హెచ్చరించాం, ఇంటివాళ్ళు పెడచెవిన పెట్టారు, అని. ఫ్యూజు తిరిగి పెట్టింది నేనేనని రాయలేదు. కింద సంతకం మీరు మెచ్చుకున్న ఈ మెత్తని మనిషిదే. ఆ తర్వాతే ఇళ్ళల్లో కూర్చోవడం మొదలుపెట్టాను గానీ, నిజం చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

చీఫ్ గారూ, పొద్దున మీ బల్ల మీద నేనో కవరు పెట్టాను. మీరింకా విప్పినట్టు లేరు. ఇదంతా అందులో ఉంది. రిటైరయ్యాక ఇస్తే అందులో ధైర్యమేముంది, అందుకే డ్యూటీలో ఉండగానే ఇచ్చాను. మీరు ఏ చర్య తీసుకున్నా నాకు సమ్మతమే.

నా సీట్లోకి వచ్చేవాళ్ళకి ఒక్క మాట. ఇంటివాళ్ళని చూసి జాలిపడండి, పడాలి. కానీ ఫ్యూజు మీ జేబులోనే ఉండనివ్వండి.

అక్కా, మీ ఇంటి ఫైల్లో ఇన్నేళ్ళుగా తప్పు ఇంటివాళ్ళదని ఉంది. అది అబద్ధం. తప్పు నాది. ఇంతమంది ముందు చెప్తున్నాను. క్షమించమని మాత్రం అడగను. అడిగితే మీరు వెంటనే సరేనంటారు, నాకు తెలుసు.

ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.