విఠల్ స్వామి అరికాలు

ఏం నగేష్ స్వామీ, ఇంత ఎండల, తారు రోడ్డు మీద, ఉత్త కాళ్లతోని వస్తున్నవ్, సుర్రుమంటలేదా నీకు? నవ్వుతున్నవా! గట్లనే నవ్వెటోడు మా విఠల్ గూడ. నీకు తెల్వదులే, ఆయన పోయి పదేండ్లాయె. అశోక్‌నగర్‌ల పరీక్షల పుస్తకాలమ్మెటోడు. హాస్టల్ పోరగాండ్లు బేరమాడితే, "ముందుగాల సదువుర్రా, బేరం తర్వాత" అని గదిమెటోడు. షుగరు పన్నెండేండ్లసంది. గోలీలు యాదికుంటే ఏసుకునుడు, బీడీ మాత్రం మర్వకపోవుడు. ఒకనాడు ఇగో, ఈ నారాయణగూడ చౌరస్తల, నా ముంగట్నే చెప్పు ఊడి ఎనకవడ్డది, మనిషి పోతనే ఉన్నడు. "ఓ విఠలూ, చెప్పు!" అని ఒర్లిన. కిందికి చూసుకొని "అరే, ఎప్పుడూడిందే మొగిలన్నా?" అన్నడు. నేనేం జేసిన? నవ్విన. నలభై ఏండ్లసంది చెప్పులు కుట్టెటోన్ని, పట్టీ బిగిచ్చిచ్చి చాయ్ తాగిన.

ఆ ఎండాకాలమే హనుమాన్ మాలేసిండు. చిక్కడపల్లి నుంచి నడిచొచ్చెటోడు. కడమ స్వాములు కాళ్లు కాలి నీడకురుకుతుంటే, ఈయన నడి రోడ్డు మీద నిమ్మళంగ నిలవడి ముచ్చట పెట్టెటోడు. "చూసినవా, స్వామి దయ! నిప్పుల మీద నడిపిచ్చినా నాకేం గాదు." గురుస్వామి గూడ "భక్తంటే విఠల్‌ది" అన్నడు. మేమందరం దండం పెట్టినం. దయ ఎక్కడిది స్వామీ? షుగరుకు కాలు మొద్దువారి ఉండె. అరికాలు పొక్కి, పగిలి, సీము పట్టినా ఆయనకు తెల్వలే. పెండ్లాం మంజుల ఇంట్ల బండల మీద మరకలు చూసి, "ఇదేందయ్యా, ఎవరి నెత్తురు?" అని అడిగితే గప్పుడు చూసుకున్నడు. చూసుకొని ఏం జేసిండు? పసుపద్దిండు. "ఇంక పదకొండు రోజులే, మాల తీసినంక దవాఖానకు పోత" అన్నడు. పోయిండు. అప్పుడే పోతే ఏలు తీస్తే అయిపోయేది, మోకాలు దాక తీసిర్రు. ఒకనాడు ఆటోల వచ్చి ఇక్కడ్నే కూసొని, "అన్నా, ఒక్క చెప్పు కుట్టియ్యవా?" అన్నడు. ఒక్కటి. కుట్టిచ్చిన. అది అరగకముందే మనిషి... ఆ.

లేదు, మాలను నేనేం అంటలేను. దేవునికి కాలు ఇస్తనని ఎవరు మొక్కిర్రు స్వామీ? నీకూ ఆరేండ్లసంది షుగరంటివి. ఇటు కూసో. అరికాలు తిప్పు. తిప్పమంటున్న... ఇదేంది, మడమ కింద ఈ నలుపు? నొస్తలేదా? ఒత్తుతున్న, చూడు, నొస్తలేదా?

ఇగ లెవ్వు. గురుస్వామితోని నేను మాట్లాడుత. ఆటో ఆపు, దవాఖానకు పోదాం. ఇగో, ముందుగాల ఈ చెప్పులు తొడుక్కో.