నాలుగో రోజు పిలుపు

రాయి లోపలుంటదని అన్నావు గదా మావా, మరి ఇదేటి? మొన్న నా కళ్ళ ముందే నీ మీద మట్టేసి, పైన రాళ్ళు పేర్సినారు. ఇది కూడా నా మనసులోనే ఉందంటావేటి?

నవ్వకు. బతికున్నప్పుడూ అంతే. నాను ఏడిస్తే సాలు, నీ కాడ ఓ అర్థం రెడీగా ఉండీది.

హార్బరు డ్యూటీ దిగి, ఒంటి మీద ఇనప రాయి దుమ్ము కడుక్కుని, కంచరపాలెంలో మన వాకిట్లో బైబిలు ఇప్పీవోడివి. లాజరంటే సచ్చినోడు కాదే, నిద్దరోయిన మనసు అనీవోడివి. సమాధంటే దుఃఖమంట. దాని మీద రాయి మనవే దొర్లించుకున్నావంట. నోరెళ్ళబెట్టి ఇనీదాన్ని. బాగుండీది మావా, అబద్దమెందుకు.

డెబ్బయ్యారులో మన కాంతం జొరంతో పోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల. నాలుగో రోజున నిన్ను ఈ సమాధుల తోటకే లాక్కొచ్చినాను. సచ్చిన నాలుగో రోజున లాజరుని యేసు పిలిచి లేపినట్టు, పిల్లని పేరెట్టి పిలవమని నీ కాళ్ళట్టుకున్నాను. ఒక్కసారి పిలిస్తే నీ సొమ్మేటి పోయీది? నా పిచ్చి అక్కడితో తీరిపోయీది. నువ్వు నా గుండె మీద సెయ్యేసి, "పిలవాల్సింది ఇక్కడే మంగా" అన్నావు.

నాకెంత మండిందో తెలుసా?

ఆ పై ఆదివారం నుంచే గదా నిన్ను ప్రభువు బల్ల కాడికి, రొట్టె రసం తీసుకోటానికి రానివ్వలేదు. లాజరు లేవనే లేదన్నాడంట అని సంఘమంతా గోల. పదకొండేళ్ళు గుడి మెట్ల మీద కూకునే పాటలు పాడినావు. మొన్న నువ్వు పోతే పాస్టరు గారు ప్రార్థనకి కూడా రాలేదు. నీ హార్బరు గ్యాంగులో నజీరు బాయే "అన్నా" అని ఏడుస్తా మోసినాడు. కాంతం పక్కన సోటుంది మావా, నాను సూసినాను. ఇవ్వలేదు. తెచ్చి ఈ గోడవార పెట్టినారు.

నా మాటలు ఎవరు మోసుంటారే అని ఓసారి అడిగినావు. నాకేటి తెలుసు అన్నాను, బియ్యం ఏరుకుంటా.

నానే మావా. పిల్లని పిలవలేదన్న కోపంతో మర్నాడే పాస్టరు గారింటికెల్లి అన్నీ సెప్పినాను.

ఇయాళ నీకు నాలుగో రోజు. ఏనాడూ మొగుడి పేరెత్తని దాన్ని, పేరెట్టి పిలుద్దావనే ఒచ్చినాను. నోరు రాటం లేదు. నువ్వు లేచొస్తే నీ మొకం ఎలా సూడను?